మూడున్నరేళ్ల బాబూ, ఫోర్‌రూల్డ్ నోట్‌బుక్కూ

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక తల్లి రాసిన ఐదు పేజీల ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 31, బ్యాంకులో ఉద్యోగం. భర్తకు వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ షాపు. అత్తమామలు వీళ్ల దగ్గరే ఉంటారు. మామగారు హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఒక్కడే బాబు. ఈ ఏప్రిల్‌కి మూడేళ్ల నాలుగు నెలలు.

పోయిన జూన్ నుంచి డిసెంబరు దాకా బాబు పక్క వీధిలో ఒక టీచరమ్మ తన ఇంట్లోనే నడిపే ప్లేస్కూల్‌కి వెళ్లాడు. పదిహేను మంది పిల్లలు, పాటలు, ఇసుక గుట్ట. ఏడవకుండా వెళ్లేవాడు. సంక్రాంతి తర్వాత, "ఇప్పుడే చేర్పిస్తే జూన్‌లో ఎల్‌కేజీ సీటు ఖాయం" అన్నారని ఒక పెద్ద స్కూల్లో నర్సరీలో వేశారు. టై, బెల్టు, ఐడీ కార్డు, రోజూ ఫోర్‌రూల్డ్ నోట్‌బుక్‌లో రెండు పేజీల హోంవర్క్. మూడు నెలలు తిరిగేసరికి బాబు చొక్కా కాలర్ నమలడం మొదలుపెట్టాడు. పగటిపూట బట్టలు తడుపుకోవడం ఎప్పుడో మానేసినవాడు మళ్లీ తడుపుకుంటున్నాడు. పెన్సిల్ తీస్తే మంచం కిందకి దూరుతున్నాడు. అదే స్కూల్లో చదివే తోటికోడలి కూతురు, వీడికంటే మూడు నెలలే పెద్దది, చుట్టాలొస్తే ఏ నుంచి జెడ్ దాకా రాసి చూపిస్తుంది.

ఈవిడ పోరంకి వైపు ఒక మాంటిస్సోరి స్కూల్ చూసొచ్చారు. ఫీజు ఇప్పటి స్కూలుకి రెట్టింపు, వ్యానులో ముప్పావుగంట ప్రయాణం. "చెక్క ముక్కలు పేర్చడానికి తొంభై వేలా?" అని భర్త. "ముందు అక్షరం, తర్వాతే ఆట" అని మామగారు. పెద్ద స్కూలు వాళ్లు జూన్‌లో నేరుగా ఎల్‌కేజీలో కూర్చోబెడతాం, ఒక ఏడాది కలిసొస్తుంది అంటున్నారు. ఇంట్లో తెలుగు తగ్గించి ఇంగ్లిష్‌లో మాట్లాడమని కూడా చెప్పారట. "ఇప్పుడున్న స్కూలేనా, మాంటిస్సోరియా, మళ్లీ టీచరమ్మ దగ్గరికేనా? ఏది మంచిదో మీరే చెప్పండి. నేనే గారాబం చేసి వాణ్ని వెనకబడేస్తున్నానా?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం చివర, సంతకం పెట్టాల్సిన చోట, రెండు లైన్లు ఇరికించి రాశారు. "వాడికి తాళాలంటే పిచ్చి. షాపులో పాడైన తాళాలూ, మామగారి ట్రంకుపెట్టె తాళంచెవుల గుత్తీ ముందేస్తే గంటసేపు కదలడు." ఐదు పేజీలూ బాబుకి ఏం రావడంలేదో రాసి, వాడికి ఏం వచ్చో రాసింది అక్కడొక్కచోటే. అది చదివాక నేను మళ్లీ మొదటి పేజీకి వెళ్లాను.

పోరంకి స్కూల్లో మీరు చూసిన చెక్క సామానులో ఒక పొడుగాటి దిమ్మె ఉండి ఉంటుంది, గుర్తు తెచ్చుకోండి. దానికి వరసగా పది గుంతలు. ఒక్కో గుంతలో ఒక్కో కొలత గుండ్రటి ముక్క, పైన పట్టుకోవడానికి చిన్న పిడి. అన్నీ బయటికి తీసి, ఏది ఎందులో పడుతుందో చూసుకుంటూ మళ్లీ పెట్టాలి. ఒకటి తప్పు గుంతలో పెట్టారంటే చివర ఒక ముక్క ఎక్కడా పట్టకుండా మిగిలిపోతుంది, తప్పని టీచర్ చెప్పక్కర్లేదు. ఆ పిడిని పట్టుకునేది బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి. పెన్సిల్ పట్టుకోవడానికి కావలసినవీ ఆ మూడు వేళ్లే. మీ వాడు తాళంచెవి కన్నంలో పెట్టి తిప్పి, పడకపోతే గుత్తిలోంచి ఇంకోటి వెతుకుతున్నాడంటే, తొంభై వేల స్కూల్లో చేయించే పని మీవారి షాపు తుక్కుతో చేసుకుంటున్నాడన్నమాట. ఈ సంగతి మీవారికి చెప్పి చూడండి, ఆయనకి ముచ్చటేస్తుంది.

మాంటిస్సోరి అంటే ఇప్పుడొచ్చిన ఫ్యాషన్ అని మీ ఇంట్లో అనుకుంటున్నట్టున్నారు. మరియా మాంటిస్సోరి ఇటలీలో డాక్టరు. 1907లో రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే పేదల పేటలో మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పిలిస్తే మద్రాసు అడయారు వచ్చారు. ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం, ఆవిడేమో ఇటలీ మనిషి, బ్రిటిష్ వాళ్లు కదలనివ్వలేదు. మద్రాసులో, కొడైకెనాల్‌లో ఉంటూ 1946 దాకా వెయ్యిమందికి పైగా టీచర్లకి శిక్షణ ఇచ్చారు. మన బెజవాడలో మాంటిస్సోరి పేరుతో బడి పెట్టి మహిళా కళాశాల దాకా తీసుకెళ్లిన కోటేశ్వరమ్మ గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. మీ మామగారికి ఆ పేరు తెలిసే ఉంటుంది.

అయితే ఒక చిక్కుంది. ఆ పేరు మీద ఎవరికీ హక్కు లేదు. ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, రాసుకుంటున్నారు కూడా. నేనొకసారి తెలిసినవాళ్ల పిల్లకోసం అలాంటి ఒక స్కూలుకి వెళ్లాను, ఏ ఊరో వద్దులెండి. ఆఫీసు గదిలో అద్దాల బీరువా, అందులో పింక్ టవర్. సెంటీమీటరు ఘనం నుంచి పది సెంటీమీటర్ల ఘనం దాకా పది గులాబీరంగు దిమ్మెలు, ఒకదానిమీద ఒకటి అందంగా పేర్చి ఉన్నాయి. బీరువాకి తాళం. దిమ్మెల మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. పక్క గదిలో ముప్పై అయిదు మంది పసివాళ్లు బోర్డు చూసి 'బి' ఎక్కించుకుంటున్నారు. ఆ తాళంచెవి ఎక్కడుందని అడుగుదామనుకున్నాను, మొహమాటపడ్డాను.

కాబట్టి పోరంకి స్కూలుకి ఇంకోసారి వెళ్లండి. ఓపెన్ డే రోజు వద్దు, ఆరోజు అన్నీ బాగానే ఉంటాయి. మామూలు రోజు పొద్దున పదింటికి వెళ్లి, ఒక మూల అరగంట కూర్చుంటానని అడగండి. మూడేళ్ల వాళ్లూ, నాలుగేళ్ల వాళ్లూ, ఐదేళ్ల వాళ్లూ ఒకే గదిలో కలిసి ఉన్నారా? ఒక పిల్ల ఒక పని మీద కూర్చుంటే దాన్ని మధ్యలో లేపకుండా వదిలేస్తున్నారా, లేక ఇరవై నిమిషాలకోసారి బెల్లు కొట్టి అందరిచేతా ఒకటే చేయిస్తున్నారా? టీచర్‌కి ఆ పద్ధతిలో శిక్షణ ఉందా? నేనైతే అన్నిటికన్నా ముందు నీళ్లు ఒలికినప్పుడు ఏమవుతుందో చూస్తాను. మంచి స్కూల్లో టీచర్ మాట్లాడకుండా గుడ్డ ఎక్కడుందో చూపిస్తుంది, ఒలకబోసినవాడే తుడుస్తాడు. కొన్నిచోట్ల ఆయాకి కేక వినపడుతుంది, పిల్లాడి మొహం వాడిపోతుంది. ఈ పరీక్ష మీ పెద్ద స్కూల్లోనూ పెట్టొచ్చు, టీచరమ్మ దగ్గరా పెట్టొచ్చు. తల్లిదండ్రుల్ని గేటు దాటనివ్వం అంటే అది కూడా మీకొక జవాబే.

ఇక మీ మామగారు. ఆయన మాటని మీరు 'పాతకాలం' అని కొట్టిపారేశారు. నాకు అలా అనిపించలేదు. ఆయన వయసువాళ్లకి గుంట ఓనమాలు తెలియకుండా ఉండవు. వీధిబడిలో ఇసుక పరిచి, పంతులుగారు వేలు పట్టుకుని అక్షరం దిద్దించేవారు. అక్షరం ముందు వేలికి తెలిసేది, ఆ తర్వాతే బలపం, పలక. మాంటిస్సోరి చేసింది కూడా ఇంచుమించు ఇదే. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి చెక్కకి అంటించి, పిల్లలచేత వేలితో తడిమిస్తూ ఆ శబ్దం చెప్పించారు. పోయిన దసరాకి మూలా నక్షత్రం నాడు కొండ మీద అమ్మవారి సన్నిధిలో బాబుకి అక్షరాభ్యాసం చేయించామనీ, వాడు బియ్యంలో 'ఓం' దిద్ది నవ్వాడనీ, ఇంటికొచ్చి వారం రోజులు బియ్యం డబ్బాలో వేలు పెట్టి గీస్తూనే ఉన్నాడనీ మీరే రాశారు. అంటే వాడికి అక్షరం మీద పగ లేదు. బియ్యంలో నవ్విన పిల్లాడు నోట్‌బుక్ చూసి మంచం కిందకి దూరుతున్నాడంటే, తేడా అక్షరంలో లేదు, పెన్సిల్‌లో, గీతల్లో, రెండు పేజీల లెక్కలో ఉంది.

దీనికి శరీరంలోనే కారణం ఉంది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కూడా కావు, మెత్తటి మృదులాస్థి. ఒక్కొక్కటే ఏళ్ల తరబడి గట్టిపడుతూ వస్తాయి. మూడున్నరేళ్ల చేతికి ఇంకా సగం పని మిగిలే ఉంటుంది. ఆ చేత్తో నాలుగు గీతల మధ్య చిన్న 'జి' తోక కింది గీత దాటకుండా రాయమంటే వాడేం చేస్తాడు? మరి తోటికోడలి కూతురు రాస్తోంది కదా అంటారు. రాసేవాళ్లు రాస్తారు. నడక తొమ్మిది నెలలకి వచ్చినవాళ్లూ ఉంటారు, పదిహేను నెలలకి వచ్చినవాళ్లూ ఉంటారు, పెళ్లి చూపుల్లో ఎవరూ ఆ సంగతి అడగరు.

అన్నట్టు, ఎల్‌కేజీలో 'కేజీ' అంటే ఏమిటో మనం ఎప్పుడో మర్చిపోయాం. కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట. 1840లో ఫ్రోబెల్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు పెట్టిన పేరు. మొక్కల్లా పెరగనివ్వాలన్నది ఆయన ఉద్దేశం. ఆ తోటకి మనం టై కట్టాం.

ఎల్‌కేజీ సంగతిలో మాత్రం మిమ్మల్ని గట్టిగానే ఆపుతాను. జూన్‌కి బాబుకి మూడున్నర. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ మూడూ చదివితే ఆరున్నరకి ఒకటో తరగతి. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి చెప్పే వయసు ఆరేళ్లు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా అంతా ఒకే పునాది దశ, అందులో చదువు ప్రధానంగా ఆటపాటలతో సాగాలి అని కూడా అందులో ఉంది. ఇప్పుడు ఎల్‌కేజీలో వేస్తే ఐదున్నరకే ఒకటో తరగతి గుమ్మంలో నిలబడతాడు. అప్పుడు ఆరేళ్లు నిండలేదని ఏ స్కూలైనా అంటే యూకేజీ మళ్లీ చదివించాలి. కలిసొచ్చిన ఏడాది అక్కడే పోతుంది. ఎవరూ ఏమీ అనకపోతే, పదో తరగతి దాకా తనకంటే ఏడాది పెద్దవాళ్లతో పోటీ పడుతూనే ఉంటాడు. ఏ స్కూల్లో ఉంచినా, వాడు జూన్‌లో కూర్చోవలసింది నర్సరీలోనే.

మీవారికి పరిశోధనలు చెప్పి ఒప్పించాలనుకుంటున్నారని అర్థమైంది. రెండు చెబుతాను. 1967లో అమెరికాలోని ఇప్సిలాంటి అనే ఊళ్లో 68 మంది పేదింటి పిల్లల్ని మూడు రకాల ప్రీస్కూళ్లలో వేశారు. ఒకచోట టీచర్ చెప్పడం, పిల్లలు వల్లెవేయడం. ఒకచోట పాతకాలపు ఆటల నర్సరీ. మూడోచోట పిల్లలే ఏం చేయాలో అనుకుని, చేసి, తర్వాత దాని గురించి చెప్పడం. చదువులో మూడు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా నిలబడలేదు. 23 ఏళ్ల వయసులో మళ్లీ చూస్తే మొదటి గుంపువాళ్లు అరెస్టులు, గొడవల్లో ఎక్కువ ఇరుక్కున్నారు. ఇది చూపించి మామగారితో వాదన పెట్టుకోకండి. 68 మందిని చూసి లోకం మొత్తానికి తీర్పు చెప్పకూడదని అనేవాళ్లున్నారు, నాకూ ఆ మాట సబబే అనిపిస్తుంది. రెండోది మీకు ఎక్కువ పనికొస్తుంది. న్యూజిలాండ్‌లో ఐదేళ్లకి చదవడం నేర్చుకున్న పిల్లల్నీ, ఏడేళ్లకి మొదలుపెట్టిన పిల్లల్నీ పోల్చి చూశారు. పదకొండేళ్లు వచ్చేసరికి చదవడంలో తేడా కనపడలేదు. మీ తోటికోడలి కూతురికీ మీ బాబుకీ ఇప్పుడున్న దూరం ఇలాంటిదే.

ఇప్పుడు మీ మూడు దారులూ చూద్దాం.

ఉన్న స్కూల్లోనే ఉంచితే మీకు చాలా బరువు తగ్గుతుంది. వీధి చివర బస్సు, పదో తరగతి దాకా సీటు బెంగ లేదు, ఇంట్లో గొడవ ఉండదు. నిజం చెప్పాలంటే చాలామంది పిల్లలు సర్దుకుంటారు, మీ వాడూ యూకేజీకి వచ్చేసరికి గుండ్రంగా రాస్తాడేమో. కానీ ఆ సర్దుకోవడంలో ఏం పోతుందో ముందే తెలియదు. మా పెద్దమ్మాయిని నేనూ మూడేళ్లకే టై కట్టి పంపాను. యూకేజీలో చేతిరాతకి స్టీలు గ్లాసు బహుమతి తెచ్చింది. ఆ గ్లాసు సంగతి ఇప్పుడు దానికి గుర్తే లేదు. ఎడంచేత్తో పెన్సిల్ పట్టుకుంటే టీచర్ స్కేలుతో కొట్టిన సంగతి మాత్రం ఎప్పుడడిగినా చెబుతుంది. అందుకని, ఉంచేటట్టయితే క్లాస్ టీచర్‌ని కలిసి రెండు అడగండి: నర్సరీలోనే ఉంచాలి, ఈ ఏడాది రాత హోంవర్క్ వద్దు. "అందరికీ ఒకటే సిలబస్ మేడమ్" అంటే, ఆ జవాబుని మీవారి ఎదుటే వినండి, ఇంటికొచ్చి మీరు చెబితే వేరేలా ఉంటుంది.

మాంటిస్సోరి అయితే మూడేళ్లూ ఉంచగలిగితేనే వేయండి. మొదటి ఏడాది పోయడం, తుడవడం, బొత్తాలు పెట్టుకోవడం లాంటివే ఎక్కువ కనిపిస్తాయి, అది చూసి మీవారు తొంభై వేల మాట మళ్లీ ఎత్తుతారు. అక్షరాలు, లెక్కలు అన్నీ కలిసి బయటికొచ్చేది మూడో ఏడాది. చాలామంది రెండో ఏడాది చివర బెంగపడి మాన్పించేస్తారు, అంటే డబ్బంతా కట్టి పంట కోతకొచ్చే ముందు చేను వదిలేసినట్టు. మూడేళ్లకి రెండు లక్షల డెబ్బై వేలు, పైన వ్యాను. పర్సనల్ లోన్ పెట్టి కట్టాలంటే మాత్రం వద్దు, వడ్డీ సంగతి బ్యాంకులో పనిచేసే మీకు నేను చెప్పాలా? ముప్పావుగంట ప్రయాణం కూడా చిన్నదేం కాదు, మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర వ్యానులో నిద్రపోయే పిల్లల్ని రోజూ చూస్తూనే ఉంటాం. అక్కణ్నుంచి ఒకటో తరగతికి మామూలు స్కూలుకి మారితే బెంచీ మీద కదలకుండా కూర్చోవడం, బోర్డు చూసి గబగబా ఎక్కించుకోవడం అలవాటు కావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. ఇంకోటి, మాంటిస్సోరికి రాజుల కథలూ రాక్షసుల కథలూ పెద్దగా ఇష్టం లేవు, చిన్నపిల్లలకి నిజమైన వస్తువులే ముఖ్యం అనేవారు. మన గిజూభాయ్ బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిర్ పెట్టినప్పుడు ఆ పరికరాలకి కథలూ నాటకాలూ కలిపి ఈ లోటు తీర్చాడు. మీ ఇంట్లో అత్తగారు ఉన్నారు కాబట్టి కథల బెంగ లేదు.

టీచరమ్మ దగ్గరికి మళ్లీ పంపితే నెలకి రెండు వేలు, రెండు నిమిషాల నడక, తెలిసిన మనిషి. బాబు ముందొకసారి హాయిగా ఉన్న చోటు. ఇబ్బందులూ ఉన్నాయి. పెద్ద స్కూల్లో కట్టిన అడ్మిషన్ డబ్బు పోతుంది. వచ్చే ఏడాది ఎల్‌కేజీకి మళ్లీ సీటు కోసం తిరగాలి. అలాంటి బడి ఒక్క మనిషి మీద నడుస్తుంది, ఆవిడకి జ్వరమొస్తే బడికీ జ్వరమే. తోటికోడలు ఏదో ఒకటి అంటుంది, అదీ లెక్కలో వేసుకోండి. అయినా నా మొగ్గు ఎటని అడిగితే, ఈ ఒక్క ఏడాదికి ఇటే. మూడు నెలలుగా వాడి ఒంట్లో కనిపిస్తున్నది ముందు తగ్గాలి, ఆ తర్వాత ఎల్‌కేజీ వేళకి ఏ స్కూలో తీరిగ్గా తేల్చుకోవచ్చు. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం మీ పేటలో అంగన్‌వాడీ కూడా ఉంటుంది. 1975 నుంచి నడుస్తున్న పథకం. బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో ఆ పేరెత్తరు. కార్యకర్త మంచిదైతే పాటలకీ ఆటలకీ అక్కడా లోటుండదు, దాటిపోతూ ఒకసారి తొంగిచూడండి.

స్కూలు ఏదైనా, మళ్లీ బట్టలు తడుపుకుంటున్నాడు కాబట్టి ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కి చూపించి మూత్రపరీక్ష చేయించండి. అంతా బెంగ వల్లే అని మనమే తేల్చేయకూడదు, ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు. అక్కడ ఏమీ లేదని తేలితే అప్పుడు బెంగ సంగతి చూడొచ్చు.

తెలుగు తగ్గించమన్న మాట వినకండి. వాడు ఏడుపొచ్చినా కోపమొచ్చినా ఏ భాషలో చెప్పుకుంటాడో ఆ భాష బాగా వస్తేనే రెండోది దాని మీద నిలబడుతుంది. ఇంగ్లిష్ స్కూల్లో ఎలాగూ వస్తుంది. మీ అత్తగారు ఇంగ్లిష్‌లో అన్నం తినిపించాలంటే ఆవిడా తినిపించలేదు, వాడూ తినడు.

మీరు గారాబం చేశారా అని అడిగారు. పెన్సిల్ చూసి పారిపోయే పిల్లాణ్ని మంచం కిందనుంచి లాగకుండా ఆగిపోవడం గారాబం కాదు. ఇంట్లో అందరినీ ఒప్పించే పని కూడా మీ ఒక్కరి నెత్తిన వేసుకోకండి. మామగారిని ఒకటి అడగండి: "మామయ్యగారూ, వీడికి అక్షరాలు మీరే నేర్పండి, ఇసుకలోనో బియ్యంలోనో, మీకు నేర్పినట్టు." రోజుకి పావుగంట చాలు, ఒక పళ్లెంలో సన్నటి ఇసుక, వాడు లేచిపోతే వెళ్లనివ్వాలి. నలభయ్యేళ్లు పిల్లలకి చదువు చెప్పిన మనిషిని ఈ విషయంలో ఎవరూ సాయం అడిగినట్టు లేదు మీ ఇంట్లో. మీవారి వంతు ఆదివారం షాపునుంచి ఇంకో నాలుగు పాత తాళాలు తేవడం, నట్లూ బోల్టులూ కూడా, మింగేంత చిన్నవి కాకుండా చూసి.

జూన్‌లో ఏది ఎంచుకున్నా నెల తర్వాత నాకొక కార్డు ముక్క రాయండి. మార్కులు, రైమ్సు వద్దు. చొక్కా కాలర్ తడిసి వస్తోందా, పొడిగా వస్తోందా, అది రాయండి చాలు.